పుస్తకము వెల యెంత?

మా తండ్రిగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. కొన్న ప్రతి పుస్తకము మొదటి పుటలోను మూడు వరుసలు వ్రాసియుంచుట వారి అలవాటు. మొదటి వరుసలో పేరు, రెండవదానిలో తేదీ, దాని ప్రక్కన వట్లూరు, మూడవదానిలో వెల. వెల యనగా అట్టమీద అచ్చైన ధర మాత్రమే కాదు. పుస్తకము రెండు రూపాయలు, తపాలా అర్ధరూపాయి, మనియార్డరు ఖర్చు కొంత అని విడివిడిగా వ్రాసి, క్రింద గీత గీసి మొత్తము వేసెడివారు. చిన్నతనములో నాకది పిసినారితనముగా తోచెడిది. ఒకనాడు అడిగినాను: "తపాలా ఖర్చు పుస్తకం ధరలో ఎలా కలుస్తుంది నాన్నా?" వారు కళ్ళజోడు సవరించుకొని, "పుస్తకం నీ చేతికి వచ్చేదాకా పెట్టినదంతా దాని వెలేరా" అన్నారు.

ఆ మాట ఇటీవల మరల జ్ఞప్తికి వచ్చినది. మా కళాశాలలో ఎం. ఏ. తెలుగు చదువుచున్న ఒక అమ్మాయి ఒక మధ్యాహ్నము నా గదికి వచ్చినది. ఊరు కొల్లేటి లంకలలో ఒక చిన్న గ్రామము. తండ్రి చేపల చెరువుమీద కూలికి పనిచేయును. అల్లసాని పెద్దన మనుచరిత్రమునకు వచ్చిన ఆంగ్లానువాదమును మూలముతో పోల్చి వ్యాసము వ్రాయవలెనని ఆమె కోరిక. చేతిలో కవరు, దానిలో నాలుగువేల ఐదువందల రూపాయలు ఉన్నవి.

"నాకు కార్డు లేదండి మాష్టారూ. అమెరికా అంగడిలో ఈ పుస్తకం చూశానండి. మీ కార్డు మీద తెప్పించి పెడతారా అండీ?" అన్నది.

"డబ్బు ఎక్కడిదమ్మా?" అంటిని.

"నాన్న చెరువు యజమాని దగ్గర తెచ్చారండి. జీతంలో కోసుకుంటారు" అని తల వంచుకొన్నది.

ఆ పుస్తకమును గూర్చి ఏలూరు వారు కొంచెము తెలిసికొనదగును. దాని అనువాదకులు ఇద్దరు. ఒకరు శ్రీ వెల్చేరు నారాయణరావుగారు. వారు ఏలూరు సర్ సి. ఆర్. రెడ్డి కళాశాలలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసి, 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళినవారు. రెండవవారు డేవిడ్ షుల్మన్. ఈ అనువాదము 'ది స్టోరీ ఆఫ్ మను' అను పేర 2015లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించుచున్న మూర్తి ప్రాచీన సాహిత్య గ్రంథమాలలో వెలువడినది. ఒక పుటలో తెలుగు లిపిలోనే మూలము, ఎదుటి పుటలో అనువాదము ఉండును. ఏలూరులో పాఠము చెప్పిన గురువు చేతినుండి వెడలిన పుస్తకము, ఏలూరులో చదువుచున్న పిల్లకు సముద్రమునకు ఆవలనుండి రావలసి వచ్చినది.

నేనును వెంటనే కార్డు తీయబోయితిని. పదేండ్లకు పైగా అలవాటైన పని కదా! ఐనను ఆ కవరు చూడగా చేయి ఆగినది. మొదట లెక్క వేయుదమని కాగితము తీసికొంటిని. ఆ లెక్కనే పాఠకుల సౌకర్యమునకై గుండు అంకెలతో ఇక్కడ చూపుచున్నాను. ఇవి ఊహించిన అంకెలే కాని ఏ యొక్క పుస్తకమునకు చెందినవి కావు.

విదేశములో ఒక గట్టిఅట్ట పుస్తకము వెల ముప్పది డాలర్లు అనుకొందము. డాలరునకు తొంబది రూపాయలు లెక్కగట్టిన 2,700 రూపాయలగును. తపాలాకు పదునైదు డాలర్లైన మరి 1,350. మొత్తము 4,050. మన కార్డుమీద విదేశీ నాణెము చెల్లించినందుకు బ్యాంకువారు నూటికి మూడు వంతున తీసికొన్న 120 రూపాయలకు పైమాట. దిగుమతియగు అచ్చుపుస్తకములపై సుంకము పూర్వము లేదు. 2019 జులైలో ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్టులో నూటికి 5 చొప్పున విధించినారు. అది ఒక 200. వెరసి నాలుగువేల మూడువందల డెబ్బది రూపాయలు. ఇక అదే పుస్తకమునకు భారతదేశపు కూర్పు కలదనియు, దాని ధర 500 అనియు అనుకొందము. అంగడివాడు నూటికి పది తగ్గించిన 450. తపాలాకు 50 వేసినను 500. మన దేశములో అచ్చుపుస్తకములపై వస్తు సేవల పన్ను లేదు. అదే పుస్తకము, అవే అక్షరములు. వెల మాత్రము ఎనిమిది రెట్లకు పైగా తేడా!

ఇంత తేడా యెందుకని విద్యార్థులు అడుగుదురు. ప్రచురణకర్తలు ప్రపంచమును అమ్మకపు మండలములుగా పంచుకొందురు. అమెరికాలో చదువరి ఇయ్యగల ధర ఒకటి, మన దేశములో ఇయ్యగల ధర ఒకటి. ఇక్కడ పలుచని కాగితముమీద, మెత్తని అట్టతో, తక్కువ వెలకు వేసి, "ఈ కూర్పు భారత ఉపఖండములోనే అమ్మదగినది" అని వెనుక అట్టమీద ముద్రింతురు. ఆ వాక్యమును గురించి అమెరికా సుప్రీంకోర్టువరకు ఒక వ్యాజ్యము నడచినది. థాయ్‌లాండునుండి వచ్చి కార్నెల్ విశ్వవిద్యాలయములో చదివిన కిర్ట్‌సెంగ్ అను విద్యార్థి, తన దేశములో బంధువులచేత చవుక పాఠ్యపుస్తకములు కొనిపించి అమెరికాలో తిరిగి అమ్మినాడు. జాన్ వైలీ అను ప్రచురణసంస్థ దావా వేసినది. 2013 మార్చిలో ఆరుగురు న్యాయమూర్తులు విద్యార్థి పక్షముగను, ముగ్గురు ప్రతిపక్షముగను తీర్పు చెప్పినారు. న్యాయముగా కొన్న ప్రతిని, అది ఏ దేశములో తయారైనను, కొన్నవాడు తిరిగి అమ్ముకొనవచ్చునని దాని సారాంశము.

మూర్తి గ్రంథమాల విషయములో మరియొక రహస్యము కలదు. 2010లో రోహన్ మూర్తి యిచ్చిన 52 లక్షల డాలర్ల విరాళముతో ఆ మాల ఏర్పడినది. అమెరికాలో గట్టిఅట్టతో అమ్మెడి పుస్తకమునే ఇక్కడ మెత్తని అట్టతో చాల తక్కువ వెలకు ఇయ్యగలుగుట ఆ విరాళము చలువయే. దీనినిబట్టి ఒక సూత్రము తోచుచున్నది: చవుక పుస్తకము వెనుక చెల్లించినవాడు ఎవడో ఒకడుండును.

ఈ సూత్రము మా తరమువారికి అనుభవములోనిదే. నా బాల్యములో విదేశములనుండి వచ్చు పుస్తకములే మిక్కిలి చవుక. మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకములు విశాలాంధ్రవారి అంగళ్ళలో దొరికెడివి. గట్టి అట్ట, రంగుల బొమ్మలు, నున్నని కాగితము. ఉప్పల లక్ష్మణరావుగారు, ఆర్వీయార్‌గా ప్రసిద్ధులైన రాళ్ళబండి వేంకటేశ్వరరావుగారు మాస్కోలో కూర్చుండి మనకొరకు తెలిగించినారు. మీర్ ప్రచురణాలయమువారి పెరెల్మాన్ భౌతికశాస్త్ర వినోదములను చదివి లెక్కల మాష్టర్లైనవారు మన జిల్లాలో ఎందరో కలరు. వెల వేసినది చదువరి జేబు చూచి కాదు; ఖర్చు భరించినది సోవియట్ ప్రభుత్వము. 1991లో ఆ రాజ్యము కూలినది, ఆ పుస్తకములును ఆగిపోయినవి. అట్లే బ్రిటిష్ ప్రభుత్వము సొమ్ము వెచ్చించి ఇంగ్లీషు లాంగ్వేజ్ బుక్ సొసైటీ పేర చవుక పాఠ్యగ్రంథములు పంపినది. 1990ల చివర మానుకొన్నది. అమెరికావారు మనకు గోధుమలు అమ్మగా వచ్చిన రూపాయలనుండి కొంత వెచ్చించి తమ దేశపు పాఠ్యగ్రంథములను ఇక్కడ చవుకగా వేయించినారు. ఎవరి ప్రయోజనము వారిది. లాభపడినది మాత్రము మన పిల్లలు.

సాయము లేని విదేశీగ్రంథము ఆనాడును ఖరీదే. 1966 జూన్ 6వ తేదీన రూపాయి విలువ తగ్గించినప్పుడు 4 రూపాయల 76 పైసలుగా నున్న డాలరు ఒక్కనాటితో 7 రూపాయల 50 పైసలైనది. అంతకుముందు దినము వంద రూపాయల పుస్తకము మరునాడు నూటయేబదియేడు. ఇట్టి ఒడుదుడుకులకు, దిగుమతి ఖర్చులకు ఓర్చుకొనుటకే పుస్తక విక్రేతలు గ్రంథాలయములకు లెక్కకట్టునప్పుడు బ్యాంకు రేటునకంటె కొంత హెచ్చుగా 'గుడ్ ఆఫీసెస్ కమిటీ' నిర్ణయించిన మారకపు రేటు వాడుచుండిరి. కళాశాల గ్రంథాలయములలో పనిచేసిన వారికి ఈ పేరు పరిచితము.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. బ్రిటన్‌లో 2004లో స్థాపితమైన 'బుక్ డిపాజిటరీ' అను సంస్థ ప్రపంచమందు ఎచ్చటికైనను తపాలా ఖర్చు లేకుండ పుస్తకము పంపెడిది. 2011లో అమెజాన్ దానిని కొన్నది. నేను వట్లూరులో అరుగుమీద కూర్చుండి, సీమనుండి పుస్తకములు తెప్పించుకొని, తపాలా బంట్రోతు చేతినుండి అందుకొనుచు మురిసిపోయితిని. మన దేశములో ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకములతోనే వ్యాపారము మొదలిడినది. అది అమ్మిన మొదటి పుస్తకము మన తెలుగునాట మహబూబ్‌నగరమునకే చేరినది. పట్టణమునకు పోనక్కరలేదు, బేరమాడనక్కరలేదు. ప్రవరునకు సిద్ధుడు ఊరక యిచ్చిన పాదలేపనము వంటిదది! కన్ను మూసి తెరచునంతలో హిమాలయము. కాని లేపనము కరగిన తరువాత కదా ప్రవరునకు ఇల్లు జ్ఞప్తికి వచ్చినది! 2023 ఏప్రిల్ 26వ తేదీన బుక్ డిపాజిటరీ మూతపడినది.

అప్పటికి ఏలూరులో నేను విద్యార్థినాటినుండి ఎరిగిన పుస్తకాల అంగడియు లేదు. ఆ యజమాని పేరు ఇక్కడ వ్రాయుట ఆయనకు ఇష్టము కాదు. అరువు పెట్టెడివాడు, పుస్తకము తెరచి అరగంట నిలుచుండి చదివినను విసుగుకొనెడివాడు కాదు. "ఈ కూర్పు కొనకండి మాష్టారూ, దీనికి ఇండియా ప్రింటు వస్తోంది, రెండు నెలలు ఆగండి" అని తన లాభము మానుకొని చెప్పిన సందర్భములు నాకు తెలియును. మేమందరము ఆయన అంగడిలో పుస్తకము చూచి, ఇంటికి వచ్చి ఫోనులో కొనుట నేర్చుకొంటిమి. ఒక్కొక్క పుస్తకముమీద నూరో యేబదియో మిగిల్చితిమి. ఆ అంగడి మూతపడుట ద్వారా పోయినది ఎంతయో లెక్కలో వేసికొనలేదు. ఈ పిల్ల అప్పు తెచ్చిన డబ్బు పట్టుకొని నాయొద్దకు వచ్చినప్పుడు తెలిసినది: ఆ అంగడి ఉన్నయెడల ఒక్క నిమిషములో ఆయన చెప్పగలిగిన మాట చెప్పువారు ఇప్పుడు ఊరిలో లేరు.

ఆ సాయంకాలము బెజవాడలో తెలిసిన ఒక పుస్తక విక్రేతకు ఫోను చేసినాను. "దానికి మన దేశంలో మెత్తట్ట కూర్పు ఉందండి, తెప్పిస్తాను" అన్నాడు. తొమ్మిది దినములలో వచ్చినది. ఆమె కవరులో మూడువేలకు పైగా మిగిలినవి.

దీనినిబట్టి విదేశములనుండి కొనుట ఎల్లప్పుడు తప్పని నేననను. భారతీయ కూర్పు లేని పరిశోధన గ్రంథములు అనేకములు కలవు. వానికి ఇక్కడి దిగుమతిదారు చెప్పు వెలకంటె నేరుగా తెప్పించుకొనుట ఒక్కొక్కప్పుడు చవుక కావచ్చును. పాత ప్రతి దొరికినచో ఇంకను చవుక. కాని పాత ప్రతి సగము వెలకు వచ్చినను తపాలా మాత్రము పూర్తిగా చెల్లింపవలెనని మరువరాదు.

ఇదే కథను ఆవలి ఒడ్డునుండి చూచిన తలక్రిందులుగా కనబడును. మా అన్నగారి కుమారుడు అమెరికాలో ఉన్నాడు. వాని కూతురుకు తెలుగు నేర్పుటకు నూటయేబది రూపాయల కథల పుస్తకము పంపబోయిన, తపాలా ఖర్చు పుస్తకము వెలకు కొన్ని రెట్లు. ఓడలమీద నెమ్మదిగా, చవుకగా పోవు అంతర్జాతీయ తపాలాను అమెరికా తపాలాశాఖ 2007లోనే ఎత్తివేసినది. అమెరికా ప్రభుత్వము చిన్న పొట్లములకు నున్న సుంకపు మినహాయింపును తీసివేసినందున 2025 ఆగస్టు చివర మన తపాలాశాఖ ఆ దేశమునకు పొట్లములు తీసికొనుటయే ఆపి, అక్టోబరు 15న తిరిగి మొదలిడినది. ఆ దినములలో పొట్లము కట్టించి తీసికొనిపోయి, తిరిగి ఇంటికి తెచ్చుకొన్నాను. మనకు అక్కడి పుస్తకము ఎంత దూరమో, అక్కడి తెలుగు పిల్లలకు మన పుస్తకము అంత దూరము.

ఈ ధరల చిక్కును నాకంటె చక్కగా చెప్పినవాడు ఆ అమ్మాయి తండ్రి. మిగిలిన డబ్బు సంగతి విని, తరువాతి ఆదివారము మా యింటికి వచ్చినాడు. తడి గోనెలో చుట్టిన ఒక శీలావతి చేపను వసారాలో దింపి, అరుగు అంచున కూర్చున్నాడు. నేను అమెరికా ధర, ఇండియా ధర వివరింపబోగా నవ్వినాడు.

"అందులో వింతేముందండి బాబూ? చేప ధర చెరువు గట్టుమీద ఒకటండి, హౌరాలో ఒకటండి. మధ్యలో ఐసు, పెట్టె, లారీ కిరాయి, కమీషను. చేప అదేనండి. మా గట్టుమీద దొరికే చేపని హౌరా వెళ్ళి ఎవడైనా కొంటాడా అండీ? అయితే గట్టుమీద దొరుకుతుందని చెప్పేవోడుండాలి కదండీ!"

ఆయన చదువుకొన్నది రెండవ తరగతివరకు. మూడు దశాబ్దములుగా పాఠము చెప్పుచున్న నాకు ఆ చివరి వాక్యము గ్రుచ్చుకొన్నది. గట్టుమీద దొరకునని చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు కాక మరెవరు?

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నాకు తెలిసిన కొన్ని మెలకువలు మనవి చేయుదును. విద్యార్థి ఖరీదైన విదేశీ పుస్తకము పేరు తెచ్చినప్పుడు మొదట భారతీయ కూర్పు కలదేమో విచారింపుడు. ప్రచురణకర్త పేరు, దేశము చూచిన చాలవరకు తెలియును. తరువాత అది గ్రంథాలయములో నున్నదేమో అడుగుడు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సుగా పోవుచున్నది. వెయ్యి రూపాయల పన్ను కట్టువాడు ఎనుబది రూపాయల పుస్తకములు ఇదివరకే కొన్నట్లే. వానిని అడుగుట మన హక్కు. రచయిత గతించి అరువది సంవత్సరములు దాటిన గ్రంథములపై మన దేశములో సామాన్యముగా కాపీహక్కు ఉండదు. అట్టి పాత తెలుగు గ్రంథములు అంతర్జాలములో వేలకొలది ఉచితముగా చదువవచ్చును.

కొనక తప్పనిచో కలసి కొనుడు. తక్కువ ధరకు పుస్తకములు చేర్చుచుండిన రిజిష్టరు బుక్‌పోస్టును తపాలాశాఖ 2024 డిసెంబరులో తీసివేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు విలవిలలాడినారు. 2025 మే 1 నుండి విద్యా, సాంస్కృతిక గ్రంథములకొరకు 'జ్ఞాన్ పోస్ట్' అను క్రొత్త సౌకర్యము వచ్చినది. ప్రారంభించినప్పటి రేట్లు 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనము. పుస్తకములు విడివిడిగా తెప్పించిన ఒక్కొక్కదానికి ఇరువది రూపాయలైన అగును. పదునైదుగురు పిల్లలు కలసి పదునైదు చిన్న పుస్తకములు ఒకే కట్టగా తెప్పించుకొన్న తలకు ఏడు రూపాయలు. ఒక తరగతి ఉపాధ్యాయుడు నెలకు ఒకసారి పట్టిక వ్రాయించిన చాలును.

1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడినుండి కొల్లూరువరకు కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపినారు. పుస్తకము కొనలేనివాని రేవునకే పుస్తకము పోయినది. ఆ పడవకు అయిన ఖర్చును ఎవరో కొందరు భరించినారు. ఆ రేవులలో పుస్తకము అందుకొన్నవానికి వెల తెలియదు. తెలియకపోవుటయే దాత ఉద్దేశము కాబోలు.

ఆ అమ్మాయి వ్యాసము పూర్తిచేసినది. పుస్తకము మన కళాశాల గ్రంథాలయమునకు ఇచ్చివేయుదునని తీసికొనివచ్చినది. "నా తరువాత వచ్చేవాళ్ళు అప్పు చేయకూడదు కదండీ" అన్నది. మా నాన్నగారి పద్ధతి ఆమెకు లోగడ చెప్పియుంటిని. మొదటి పుట తెరచి, పేరు వ్రాసినది, తేదీ వ్రాసినది. మూడవ వరుసలో కలము ఆపి, "వెల ఎంతని వ్రాయమంటారండి మాష్టారూ?" అని అడిగినది.

అట్టమీది ధర, తపాలా, బెజవాడకు చేసిన ఫోను, ఆమె తండ్రి తెచ్చి తిరిగి ఇచ్చిన అప్పు, మూతపడిన ఆ అంగడి అన్నియు ఒక్కసారి కన్నులయెదుట నిలిచినవి. వానినెల్ల కూడుట నాకు చేతకాలేదు.

"అట్టమీద ఉన్నది వ్రాయమ్మా, దాని క్రింద తపాలా వేరుగా వ్రాయి" అన్నాను.

ఆమె అట్లే వ్రాసి, క్రింద గీత గీసి, మొత్తము వేసినది.